‘పాలేరు’ నాటకము – బాలుని పొద్దు

బోయి భీమన్నగారి (1911–2005) ‘పాలేరు’ను పండితులు మెచ్చినదానికంటె పల్లెజనము మెచ్చినది ఎక్కువ. పాలేరుగా బ్రతుకు దళిత బాలుడు చదివి డిప్యూటీ కలెక్టరగుట అందలి కథ. దానిని చూచి తమ పిల్లలను పాలేరుతనము మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రులు పలువురు కలరని ప్రసిద్ధి. నాటకమున కింతకు మించిన బహుమానము లేదు. అయినను విమర్శ అంతటితో ఆగరాదు.

పేదవాడు, చదువు, ఉద్యోగము – ఇది నీతికథల పాతత్రోవయే కదా అని కొందరందురు. కాని నాయకుని పాలేరును చేయుటలోనే రచయిత మెలకువ ఉన్నది. కూలివాడు పూటను అమ్ముకొనును. పాలేరు ఏడాదిని అమ్ముకొనును. పెక్కుచోట్ల తండ్రి చేసిన అప్పునకు కొడుకు పశువుల వెంట పోయెడివాడు. బడి ఊరిలోనే ఉండవచ్చును, బాలునకు బుద్ధియు ఉండవచ్చును. పొద్దు మాత్రము అతనిది కాదు. పేదల చదువును గూర్చి వ్రాయువారు బుద్ధిని, పట్టుదలను వర్ణించినంతగా ఈ పొద్దును వర్ణింపరు.

నాటకము బలహీనపడునది ముగింపున. ఒకడు కుర్చీ ఎక్కెను. అతడు విడిచిన పశువుల వెంట మరియొక బాలుడు పోవును. ఆ రెండవవానిని నాటకము మరచినది. అయితే ఆనాటి ప్రేక్షకునకు తనవాడొకడు ఆ కుర్చీలో కూర్చుండుట చూపవలసిన అవసరమును కాదనరాదు. కుర్చీ అన్నిటిని తీర్చునన్న ఆశను మాత్రము జాషువ జీవితమే ఖండించుచున్నది. ఉభయభాషాప్రవీణుడై, ఉపాధ్యాయుడై కూడ ఆయన అవమానములు తప్పించుకొనలేదు.

నేటి పాలేరును వెదకువారు సూరతునకు పోవలెను. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబము లెన్నో మగ్గముల పనికై అక్కడ చేరినవి. గుజరాతీతోపాటు తెలుగులోను నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడపుచున్నది. పదునాలుగేండ్లవరకు ఉచితవిద్య 2009 చట్టమిచ్చిన హక్కు. బడి ఉన్నది, రుసుము లేదు. ఇక అడ్డమేమి? ఉధనా దాటి ఉన్, సచిన్‌ల వైపు సాగిన కార్మికవాడలలో ఏ భాషవారి గది చూచినను జవాబు దొరకును. తండ్రికి పవర్‌లూముపై పండ్రెండు గంటల షిఫ్టు. కూలి మీటరు లెక్కన. రాత్రి షిఫ్టు చేసివచ్చినవాడు పగలు నిద్రించు గదియే పిల్లవాని చదువుగది. తల్లి చీరలకు రాళ్లంటించుచుండగా పిల్లల చేతులు కూడ కలిసిననే నాలుగు రూపాయలు పెరుగును. యజమాని కొడుకునకు ట్యూషను మాస్టరు వచ్చును. అదియు పొద్దును కొనుటయే.

ఈ బ్రతుకును నాటకముగా వ్రాయుట భీమన్నగారి పనికంటె కష్టము. పాలేరు దొర యెవరో ఊరందరికి తెలియును, ఎదురుపడి మాటలాడించవచ్చును. మీటరు లెక్కకు ముఖము లేదు. పిల్లవానిచేత రాళ్లంటింపజేయునది కన్నతల్లియే. ఆమెను దోషిగా నిలుపక, ఆ పొద్దును కొనుచున్న వానిని రంగముపైకి రప్పించుట ఎట్లు?