తూనీగ కాలు చెప్పే వంశచరిత్ర

బనగానపల్లె పక్కనే యాగంటి కోనేరు. చుట్టూ కొండలు మాడిపోతున్నా అక్కడ నీరు ఉంటుంది, నీటి మీద తూనీగలు ఉంటాయి. మనం చూసి ముచ్చటపడి వెళ్లిపోతాం. వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వే పనివాళ్లు వేరే ఉన్నారు.

వాళ్ల పనిముట్లు చిన్నవే: ఒక వల, ఒక పట్టకారు, ఆల్కహాల్ నింపిన సీసా. పట్టిన పురుగుకు ఊరు, తేదీ రాసిన చీటీ కట్టాలి. చీటీ తప్పితే అంతా వృథా. ఒక్క కాలు తుంచితే డీఎన్‌ఏకు చాలు. మిగతా ఒళ్లు రేపటి సాక్ష్యంగా భద్రం. ఆ కాలిలోంచి సుమారు 650 అక్షరాల జన్యు ముక్కను చదివి, వేరే చోట్ల పురుగులతో పోలుస్తారు. అక్షరాల తేడా పెరిగేకొద్దీ చుట్టరికం దూరం.

వానగుంటల్లో గుడ్లు పెట్టి, నీరు ఇంకేలోపే రెక్కలు తొడిగే తూనీగ పంటాలా ఫ్లావెసెన్స్. అమెరికా ఖండాల్లోనూ ఆసియాలోనూ దొరికిన వాటిని పోల్చిన 2016 నాటి పరిశోధన, సముద్రాలు దాటి అవి కలుస్తున్నాయని సూచించింది. 2014లో ఇంకో పెద్ద బృందం జన్యువులతోనే లెక్కకట్టి, కీటకాల పుట్టుకను సుమారు 48 కోట్ల ఏళ్ల వెనక్కి జరిపింది.

ఇంత పెద్ద కథకు ఆధారం ఓపిగ్గా రాసిన ఒక చిన్న చీటీ. ఆ చేతిరాతకు దండం పెట్టాల్సిందే.