ప్రతినిధి ద్రవ్యములు

ఒక యోగమునందు చెప్పిన మూలిక లభింపనిచో దానికి మాఱుగా నేది గ్రహింపవలెనో ఆయుర్వేదజ్ఞులు ముందుగనే నిర్ణయించి, మేద దొరకనిచోట శతావరిని, కాకోలి దొరకనిచోట అశ్వగంధను వాడుకొమ్మని భావప్రకాశమువంటి గ్రంథములయందు వ్రాసిపెట్టినారు. పింగాణి పాత్రలపై గ్లేజు పూయువారికిని ఇట్టి పట్టికలు లేకపోలేదు గాని, నేను వానిని నమ్ముట మానుకొని చాలకాలమైనది.

గనులు మూతపడును; పుస్తకములలో వాని పేర్లు మాత్రము చిరంజీవులై నిలుచును. అమెరికాలో ఆల్బనీ నగరప్రాంతమున త్రవ్విన బంకమన్ను ఒకటి, మఱేమియు కలపకయే కొలిమిలో కరగి నిగనిగలాడు ముదురు గోధుమవన్నె గ్లేజుగా మాఱి, పందొమ్మిదవ శతాబ్దమున అక్కడి జాడీలకు లోపూతయై వర్తిల్లినది. 1980ల దశకమున ఆ త్రవ్వకము ముగిసెను. కాలిఫోర్నియాలోని జెర్‌స్ట్లీ బోరేటు అను గ్లేజు ఖనిజపు త్రవ్వకము 2000 ప్రాంతమున నిలిచిపోయెను. అందున్నది బోరానే గదా, మన కంసాలుల వెలిగారముతో పని జరుగదా యని తోచుట సహజము. కాని వెలిగారము నీట కరగునది. పూసిన నీటితోపాటు కుండలోనికి ఇంకిపోవును, మిగిలినది తొట్టిలో పలుకులు కట్టును. కావుననే దానిని సిలికాతో కలిపి కరగించి గాజుచేసి, ఆ గాజును నూఱి ఫ్రిట్టుగా వాడుదురు.

మార్పిడి యనగా సంచికి సంచి మార్చుట కాదు. అగ్ని తన భాగము తాను తీసికొనిన పిమ్మట మిగులు భస్మములను లెక్కించుట. గ్లేజును ఇట్లు అణువుల లెక్కలో చూడవలెనని గత శతాబ్దమునకు ముందే జర్మను రసాయనవేత్త హెర్మన్ జెగర్ నేర్పినాడు. ఆంగ్ల కుమ్మరి బెర్నార్డ్ లీచ్ పేరుతో కుమ్మరులలో ప్రసిద్ధమైన యోగమొకటి కలదు: ఫెల్డ్‌స్పార్ 40, పలుగురాతిపొడి 30, సున్నపురాతిపొడి 20, చైనామట్టి 10 పాళ్లు. ఇందు సున్నపురాతికి బదులు రాజస్థానపు వొలాస్టనైటును వాడవలసివచ్చినదనుకొందము. సున్నపురాయి నూటికి 44 పాళ్లు వాయువై ఎగిరిపోవును గావున 20 పాళ్లలో నిలుచు సున్నము 11.2 మాత్రమే, వొలాస్టనైటులో సున్నము నూటికి 48 పాళ్లు, తక్కినది సిలికా. ఆ 11.2 పాళ్ల సున్నము రాబట్టుటకు వొలాస్టనైటు 23 పాళ్లకు పైచిలుకు కావలెను. దానివెంట 12 పాళ్ల సిలికా పిలువని పేరంటమునకు వచ్చినట్లు వచ్చును గనుక పలుగురాతిపొడిని 30 నుండి 18కి దింపవలెను. ఈ లెక్క చూడక తూకమునకు తూకముగా మార్చినవాని పాత్ర, అదే వేడిలో మెఱుపు తఱిగి బిగుసుకొనిపోయి కొలిమినుండి వెలువడును.

మొన్న ఒక యువకుడు, బేరియం కార్బొనేటు దొరకలేదనియు, కడపసీమలో మంగంపేట ముగ్గురాయి రాసులుగా నుండగా దాని నేల వాడరాదనియు నన్నడిగెను. తెలివైన ప్రశ్నయే. రెండింటను బేరియమున్న మాట నిజము. కాని ముగ్గురాతిలో అది గంధకముతో గట్టిగా ముడివడియుండి, కొలిమి వేడికి సులువుగా విడివడదు. విడివడినంత మేర గంధకవాయువు పైకెగసి పూతలో బుడగలు లేపును. అతడు కోరిన పొడియో, ఎలుకలమందుగా వాడిన విషము. దానికి నూఱుపాళ్లకు 75 పాళ్ల చొప్పున స్ట్రాన్షియం కార్బొనేటు వేసికొమ్మని చెప్పితిని. రాగితో బేరియమిచ్చు ఆ గాఢనీలము అచ్చముగా రాదనియు చెప్పితిని. అన్నము తిను పళ్లెమునకు ఆ నీలము లేకపోయినను లోటులేదని నా యభిప్రాయము. అతడు ఒప్పుకొన్నట్లు కనబడలేదు.

లెక్క సరిపోయినను పని ముగియలేదు. రేణువుల మెత్తదనము మాఱినచో పూత మందము మాఱును. రాతిలోని కొద్దిపాటి ఇనుము తెల్లని గ్లేజును పసిమి పట్టించును. కావున చిన్న పెంకుపై కాల్చి చూడక తొట్టెడు గ్లేజు కలుపుకొనరాదు.

అన్నిటికంటె పెద్ద చిక్కు వేఱొకటి. సంచిపై ఫెల్డ్‌స్పార్ అను పేరొక్కటే తఱచు కనబడును. అందు పొటాషెంతయో, కరగి యెక్కువగా జాఱు సోడా యెంతయో పెక్కుమంది వ్రాయరు. పొడులమ్ము వర్తకులు ప్రతి సంచిపైనను రసాయన విశ్లేషణము అచ్చువేయుదురు గాక. అంతవరకు కొనువారు దానిని అడిగి వ్రాయించుకొనిగాని డబ్బు చెల్లింపవలదని నా మనవి.