వినుటయే కాదు, విడుచుటయు నేర్వవలెను

రేడియో గ్రాహకమునకు రెండు గుణములు కావలెను. సన్నని సంకేతమును పట్టుకొనుట మొదటిది; తనది కాని సంకేతమును విడిచిపెట్టుట రెండవది. రెండవదానిని ఉపేక్షించినచో ఎంత చిక్కు వచ్చునో 2022లో అమెరికాలో చెలరేగిన 5జీ వివాదము తెలిపినది.

విమానము దిగునప్పుడు నేల ఎంత దూరములో ఉన్నదో రేడియో ఆల్టిమీటరు చెప్పును. అది 4,200–4,400 మెగాహెర్ట్జుల మధ్య తరంగమును క్రిందికి పంపి, నేలను తాకి తిరిగి వచ్చు దానిని పట్టుకొనును. 300 మీటర్ల ఎత్తునుండి పోయి వచ్చుటకు పట్టు కాలము రెండు మైక్రోసెకండ్లు మాత్రమే. తిరిగి వచ్చు తరంగము మిక్కిలి బలహీనము. దిగువ పట్టీలో పూర్వము వినవచ్చినవి ప్రధానముగా 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహముల సంకేతములు. అంత దూరపు పొరుగువాని వలన బాధ లేదు గనుక, పాత ఆల్టిమీటర్లలో పెక్కింటికి గట్టి వడపోత అమర్చలేదు.

2020లో అమెరికా సమాచార నియంత్రణ సంఘము 3,700–3,980 మెగాహెర్ట్జుల పట్టీని సెల్‌ఫోను సేవలకు విడిచినది. నడుమ 220 మెగాహెర్ట్జుల ఖాళీ ఉన్నందున, చక్కగా రూపొందించిన పరికరమునకు సాధారణముగా హాని ఉండదని భావించినది. ఈ వాదమునకు ప్రాణము “చక్కగా రూపొందించిన” అను మాటలో ఉన్నది. ఎగురుచున్న విమానములలో అట్టి పరికరములు ఎన్ని? ఆ ప్రశ్న తేలకముందే వేలము ముగిసినది.

విమాన వర్గములు తప్పంతయు 5జీదే అన్నట్లు వాదించుటయు సరి కాదు. అంతరాయము రెండు విధములు. పొరుగు ప్రసారకము తన హద్దు దాటి మన పట్టీలో శక్తిని చిమ్మినచో, దానిని గ్రాహకము వడకట్టలేదు, ప్రసారకమునే సరిచేయవలెను. పొరుగువాడు తన హద్దులోనే ఉన్నను, ఆ బలమైన తరంగము మన వర్ధకములోనికి చొరబడి దానిని ఉక్కిరిబిక్కిరి చేసినచో, లోపము గ్రాహకముది. పక్క వీధి పెండ్లిలో మైకు మ్రోగుచుండగా కిటికీలు మూసికొనక, పాఠము వినబడుటలేదని అన్నట్లుండును. ఆల్టిమీటర్ల విషయములో ముఖ్యమైన భయము ఈ రెండవ విధమే.

ఫలితమేమి? 2022 జనవరి 19న 5జీ ప్రారంభము కాగా, ఎయిర్ ఇండియాతో సహా కొన్ని సంస్థలు అమెరికాకు విమానములను రద్దు చేసినవి. విమానాశ్రయముల చెంత 5జీని కొంతకాలము తగ్గించిరి. తుదకు గొడవను చాలవరకు తీర్చినది, 2023లో విమానములలో పెద్దయెత్తున అమర్చిన ఫిల్టర్లు, క్రొత్త ఆల్టిమీటర్లు. ఆ ఏడు ఏప్రిలులో నియంత్రణ సంఘము కూడ అంతరాయ నివారణలో గ్రాహకములకును బాధ్యత కలదని విధాన ప్రకటన చేసినది. మంచి మాటయే, వేలమునకు ముందు చెప్పియుండిన మరింత మంచిది.

ఆకాశములో ఖాళీ స్థలము తరుగుచున్నది. కావున రేడియో పాఠము చెప్పునప్పుడు “ఇది ఎంత దూరము వినగలదు?” అని మాత్రమే అడిగిన చాలదు. “ఏమి వినకుండ ఉండగలదు?” అనియు అడుగవలెను.