చెత్త లేని ఇంటి పిల్ల బడికి ఏం తేవాలి?

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన బడిలో ఒక పోటీ పెట్టాం. పనికిరాని వస్తువులతో ఇంటికీ తోటకీ ఉపయోగపడేవి ఏవైనా చేసి తేవాలి. వారం గడువు ఇచ్చాం. సోమవారానికి పిల్లలు రకరకాలవి తెచ్చారు. కూల్‌డ్రింక్ సీసా కోసి రంగు వేసిన పూలకుండీ, ఐస్‌క్రీం పుల్లలతో పెన్నుల డబ్బా, పాత సీడీలతో గోడకు వేలాడే పువ్వు, థర్మాకోల్ ఇల్లు. నల్లమల కొండల అంచున ఉన్న చెంచు కాలనీ నుంచి వచ్చే ఐదో తరగతి పిల్ల మాత్రం ఉత్త చేతులతో వచ్చింది. ఎందుకు తేలేదని గట్టిగానే అడిగాను. "మా ఇంట్లో పనికిరానిది ఏమీ లేదు టీచర్" అంది. ఎదురు చెబుతోందనుకున్నాను. మార్కుల కాగితంలో ఆ పిల్ల పేరుకెదురుగా సున్నా వేశాను.

తర్వాతి నెల హాజరు సంగతి మాట్లాడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. కూల్‌డ్రింక్ సీసాలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో అడవికి తీసుకెళ్ళే నీళ్ళు, ఇంకోదాంట్లో తేనె. నూనె డబ్బా పైభాగం కోసి దాంతో బియ్యం కొలుచుకుంటున్నారు. సిమెంటు సంచులు విప్పి, కలిపి కుట్టి వాకిట్లో పరుచుకున్నారు. చిరిగిన చీర పసిబిడ్డకు ఉయ్యాల అయింది. పగిలిన కుండ పెంకులో కోళ్ళకు నీళ్ళు పోశారు. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. తప్పు నేను ఇచ్చిన పనిలోనే ఉంది.

ఆ రోజు నుంచి 'తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చేసుకోండి' అని చెప్పే పాఠాలనూ, ఆదివారం అనుబంధాల్లో వచ్చే వ్యాసాలనూ, మన బడుల్లో నడిచే క్రాఫ్టు పీరియడ్లనూ కొంచెం అనుమానంగా చూస్తున్నాను. ఆ అనుమానం ఏమిటో మన గిరిజన యువతకూ, తోటి టీచర్లకూ చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

ఈ రకం రాతల్లో మొదట కనిపించే లోపం వాళ్ళు ఊహించుకునే ఇల్లు. ఆ ఇంట్లో కొన్న వస్తువులు చాలా ఉంటాయి. వాటి డబ్బాలూ సీసాలూ మిగులుతాయి. వాటిని పెట్టుకోవడానికి షెల్ఫూ, తగిలించుకోవడానికి సున్నం వేసిన గోడా ఉంటాయి. చేసిన వస్తువు అవసరం తీర్చేది కాదు, అలంకరణ. అలాంటి ఇళ్ళు ఉండకూడదని నేను అనను. కానీ అదొక్కటే ఇల్లు అన్నట్టు పాఠం చెబితే, మిగలడానికి ఏమీ లేని ఇంటి పిల్ల 'సృజన లేని పిల్ల' అయిపోతుంది.

రెండోది ఖర్చు. ఒకసారి ఇలాంటి పాఠం కోసం థర్మాకోల్ షీట్లు, ఫెవికాల్, రంగులు, మెరుపుల పొడి కొన్నాను. రెండు వందలు దాటింది. ఆ డబ్బుతో అప్పట్లో మా అమ్మ అల్లిన తట్టలు రెండు వచ్చేవి. అవి ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండేవి. మా థర్మాకోల్ ఇల్లు వారం తిరక్కుండానే విరిగింది. పైగా అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా కొన్ని బడుల ప్రదర్శన బల్లల మీద 'పర్యావరణ పరిరక్షణ' అన్న అక్షరాలు థర్మాకోల్‌తోనే కోసి అంటిస్తున్నారు.

ఈ దారిలో మంచి పని చేసినవాళ్ళు లేరని కాదు. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమంతో కలిసి పనిచేసిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో పిల్లలు ఆకారాలు కట్టే పద్ధతి తెచ్చారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మూడు పుల్లలతో కట్టిన త్రిభుజం వంగదు, నాలుగింటితో కట్టిన చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది. ఎందుకు అని పిల్లవాడు అడుగుతాడు. అక్కడ చేతిపని లోపల ఒక ప్రశ్న ఉంది. మన బడుల్లో ఆ ప్రశ్న తీసేసి 'చెత్తతో బొమ్మ' అన్న మాట మాత్రం ఉంచుకున్నాం.

ఇప్పుడు మా సంగతికి వస్తాను. మేం ఎరుకలవాళ్ళం. మా తెగలోని శాఖల పేర్లు చూడండి: దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల. దబ్బ అంటే చీల్చిన వెదురు బద్ద. అంటే ఏ వస్తువు చేసి బతికారో, ఏ సరుకు మోసి బతికారో అదే పేరైంది. పేరులోనే పని ఉన్న జనం మేము. అయినా నేను టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో పని విద్య రికార్డు కోసం బజార్లో రంగు కాగితాలు కొని పూలు చేసి అంటించాను. మా అమ్మను అడిగితే బుట్ట అల్లి ఇచ్చేది. సిగ్గుపడి అడగలేదు. రికార్డుకు మంచి మార్కులే వచ్చాయి.

ఆ సిగ్గు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత ఆలోచించాను. తెలుగు సాహిత్యంలో ఎరుక చాలా చోట్ల వస్తుంది. యక్షగానాల్లో, కొరవంజిలో నెత్తిన బుట్ట పెట్టుకుని వచ్చి సోది చెబుతుంది. ఆమె మాట ఉంటుంది, నడక ఉంటుంది, చెయ్యి చూడటం ఉంటుంది. నెత్తి మీది బుట్ట మాత్రం వేషంలో ఒక భాగం, అంతే. ఆ బుట్ట ఎవరు అల్లారు, వెదురు ఎక్కడ తెచ్చారు, ఎన్ని రోజులు పట్టింది అని ఎవరూ రాయలేదు. మన పల్నాడు కథే తీసుకోండి. అన్ని కులాలవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడును గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ చాప మీద ఎవరెవరు కూర్చున్నారో చెప్పే కథలో చాప అల్లినవాళ్ళ గురించి నేనెప్పుడూ వినలేదు.

పుస్తకం పట్టించుకోకపోవడం ఒకటైతే, చట్టం అనుమానించడం ఇంకొకటి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజ్యానికీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్ళలో చాలామందిని ఆ జాబితాలో చేర్చి, స్టూవర్టుపురం, సీతానగరం లాంటి సెటిల్‌మెంట్లలో కాపలా మధ్య ఉంచారు. బుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకోవడమే మా బతుకు. ఆ తిరగడమే అనుమానానికి కారణమైంది. 1952లో చట్టం రద్దయింది కానీ ఊళ్ళోకి వచ్చిన బుట్టలమ్మిని చూసే చూపు అంత తొందరగా మారలేదు. బుట్ట అల్లడం తెలుసని చెప్పడానికి మా పిల్లలు ఎందుకు వెనకాడతారో అర్థం కావాలంటే ఈ చరిత్ర తెలియాలి.

ముడిసరుకు సంగతీ అంతే. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది. గడ్డి జాతి మొక్క చట్టంలో చెట్టయింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. అడవి బయట పెంచిన వెదురును 'చెట్టు' అన్న నిర్వచనం నుంచి తీసేయడానికి 2017 దాకా పట్టింది. మైదానంలో ఉండే మాకు అడవి హక్కూ లేదు, వెదురు కొనుక్కోవాలి. వాగుల పక్కన ఈత చెట్లు తగ్గిపోయాయి. 'మీ చుట్టూ దొరికే వస్తువులతో' అని పాఠంలో తేలిగ్గా రాస్తాం. చుట్టూ ఏం దొరుకుతుందో, దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికుందో కూడా ఆ పాఠంలోనే చెప్పాలి.

అలాగని పాత పనినంతా నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. దబ్బలు చీల్చి చీల్చి మా అమ్మ వేళ్ళ నిండా గాట్లుండేవి. తట్టకు డబ్బులివ్వక గింజలు కొలిచిన ఇళ్ళున్నాయి. మిరప కోతల కాలంలో గంపలు బాగా అమ్ముడుపోయేవి, ప్లాస్టిక్ తొట్లు వచ్చాక ఆ బేరం పడిపోయింది. "నువ్వు కత్తి పట్టొద్దు, పలక పట్టు" అనేది అమ్మ. నా కూతురు బుట్టలల్లి బతకాలని నేనూ కోరుకోను. ఆ పనిలో ఉన్న తెలివిని బడి తెలివిగా గుర్తించాలనే అంటున్నాను. ఎన్ని నిలువు దబ్బలకు ఎంత వెడల్పు అడుగు వస్తుంది, పక్క ఎక్కడ లేపాలి, అంచు ఎలా కడితే బరువు ఆగుతుంది అన్నవి లెక్కలే. మా అమ్మ వాటిని కాగితం లేకుండా చేసింది.

మన తప్పూ ఉంది. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు బుట్ట, విల్లు, సొరబుర్ర తెచ్చి బల్ల మీద పెడతాం. ఫోటో తీస్తాం. సాయంత్రం స్టోరు గదిలో పడేస్తాం. ఆ సొరబుర్రలో విత్తనాలు ఎందుకు దాస్తారో పిల్లలకు చెప్పం. ముదిరిన సొరకాయను ఎండబెట్టి, లోపలి గుజ్జు తీసేస్తే తేలికైన గట్టి డబ్బా అవుతుంది. బూడిద కలిపిన విత్తనాలు అందులో పోసి మూతి బిగిస్తే తేమా పురుగూ అంత సులువుగా చేరవు. అది చెబితే సైన్సు పాఠం. చెప్పకుండా చూపిస్తే అలంకరణే. అప్పుడు మన బల్లకూ ఆ సీడీ పువ్వుకూ తేడా ఏముంది?

అందుకే ఇంట్లో చేసిన ఏ వస్తువునైనా నాలుగు ప్రశ్నలతో చూడమంటాను. ఏ అవసరం తీరుస్తోంది? సరుకు ఎక్కడి నుంచి వచ్చింది? పాడైతే చేసినవాళ్ళే బాగుచేయగలరా? చివరికి ఎక్కడికి పోతుంది?

పెరటి తోటనే చూద్దాం. పల్నాడు ఎండలు మనకు తెలుసు. పెరట్లో సొరపాదు బతకాలంటే నీళ్ళు దాచిదాచి పోయాలి. కాల్చిన చిన్న మట్టికుండను పాదు పక్కన మెడ దాకా పూడ్చి, నీళ్ళు పోసి మూత పెడతారు. మట్టి ఆరేకొద్దీ కుండ గోడల్లోంచి నీళ్ళు చెమ్మగా ఊరుతూ వేళ్ళకు చేరతాయి. పైన ఎండకు ఆవిరయ్యేది తక్కువ. కుండ పగిలితే పెంకు మట్టిలోనే ఉంటుంది. నాలుగు ప్రశ్నలకూ జవాబుంది. అదే పని కూల్‌డ్రింక్ సీసాకు సన్నని చిల్లులు పెట్టి పూడ్చినా జరుగుతుంది. చివరి ప్రశ్న దగ్గర అది తప్పుతుంది కానీ మొదటి ప్రశ్నలో నెగ్గుతుంది. దాన్ని నేను తీసిపారేయను. రంగు వేసి, మెరుపుల పొడి చల్లి గోడకు వేలాడదీసిన సీసా మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. అలాగే కంది కోత అయ్యాక మిగిలిన కంపతో అల్లిన తడిక మేకల్ని ఆపుతుంది. పాతబడితే పొయ్యిలోకి పోతుంది. దానికి కొనాల్సింది ఏమీ లేదు, అల్లడం తెలిసిన మనిషి కావాలి.

ఆ మనిషిని బడికి పిలవడానికి ఇప్పుడు దారి కూడా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మొదలైనవారు అని ఉదాహరణలిచ్చింది. బుట్టలల్లేవాళ్ళు ఆ 'మొదలైన'లో ఉన్నారు. ఆ మాటలోంచి వాళ్ళను బయటికి తీసి పేరు పెట్టి పిలవాల్సింది మనమే. పిలిచినప్పుడు కుర్చీ వేయాలి, ఆ రోజు కూలి నష్టపోకుండా చూడాలి. వట్టి శాలువాతో పంపితే అది కూడా ప్రదర్శనే.

మరుసటి ఏడాది మా బడిలో పోటీ మాట మార్చాం. పనికిరానివి తెమ్మని అడగలేదు. "మీ ఇంట్లో ఎవరికి ఏం చేయడం వచ్చు? ఒకటి నేర్చుకుని వచ్చి మాకు నేర్పండి" అన్నాం. తండా పిల్లలు పాత చీరలు మడిచి బొంత కుట్టే పద్ధతి చూపించారు. ఆ చెంచు పిల్ల మోదుగాకులు, చీపురుపుల్ల ముక్కలు తెచ్చింది. ఆకు ఏ వైపు పైకి ఉండాలో, పుల్ల ఎక్కడ గుచ్చితే చినగదో చెప్పింది. నేను కుట్టిన మొదటి విస్తరి మధ్యలో చిరిగింది. "మళ్ళీ కుట్టండి టీచర్, నిదానంగా" అంది. మూడోసారికి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్న భోజనం మేమందరం ఆ విస్తళ్ళలోనే తిన్నాం.

పాత మార్కుల కాగితంలో సున్నా ఇంకా అలాగే ఉంది. దాన్ని దిద్దడానికి ఇప్పుడు వీల్లేదు. మీ బడిలో అలాంటి సున్నా పడకముందే, తోటి టీచర్లూ, పిల్లలకు ఇచ్చే పనిని ఒకసారి సరిచూసుకోండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అమ్మానాన్నల చేతుల్లో ఏ పని ఉందో ఈ సెలవుల్లో అడిగి, చేసిన తీరు, కొలతలు, పనిముట్ల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. మా అమ్మ దగ్గర నేను రాసుకోలేదు. ఆమె వాడిన చాలా మాటలు ఇప్పుడు నాకు గుర్తు లేవు.