పొద్దుటి సెల్ఫ్, మేస్త్రి చెవి

పుదుచ్చేరిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా చలి 20 డిగ్రీల కిందికి దిగడం అరుదు. అయినా రాత్రంతా వీధిలో నిలబడ్డ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలి తరం మారుతి 800 పొద్దున్నే ఒక పట్టాన అందుకోవు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను ఒకసారి దగ్గుతుంది, ఊరుకుంటుంది. దీనికి ఊరి చలి కాదు కారణం, ఇంజను చల్లారిపోవడం. వేడి లేని మానిఫోల్డు గోడలకు పెట్రోలు ఆవిరి కాకుండా చుక్కలుగా అంటుకుపోతుంది. సిలిండరులోకి వెళ్లేది నిప్పంటుకోనంత పలచని మిశ్రమం. దాన్ని చిక్కబరచడానికే చోక్. అది సరిగ్గా పనిచేస్తూ ఉంటే ఇక్కడి వాతావరణంలో ఏ పాత బండి అయినా రెండో తిప్పుకే పలకాలి. పలకలేదంటే ఎక్కడో తప్పుంది. ఆ తప్పును పానా పట్టకుండానే పట్టుకునేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా కొందరున్నారు. కడలూరు రోడ్డు వైపు, ముత్యాలపేట సందుల్లో చిన్న రేకుల షెడ్లలో కూర్చునే ఆ ముసలి మేస్త్రుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

మంచి మేస్త్రి ముందు బానెట్ ఎత్తడు. బండి ఎన్నాళ్లుగా నిలబడి ఉందని అడుగుతాడు. వారం రోజులైతే కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు ఆవిరై ఉంటుంది. పెట్రోలు పంపు ఇంజను తిరిగితేనే పనిచేస్తుంది కనుక గిన్నె నిండేదాకా సెల్ఫ్ కొట్టాలి, ఈలోగా బ్యాటరీ నీరసిస్తుంది. పంపు కింద చేతి లివర్ ఉన్న బండి అయితే మేస్త్రి వేలితో దాన్ని ఆడిస్తాడు. లివర్ వదులైతే గిన్నె నిండినట్టే. అప్పుడు సెల్ఫ్ కొడితే బండి పలుకుతుంది. పైసా ఖర్చు లేదు!

ఒక్క రాత్రికే మొరాయించే బండి అయితే సెల్ఫ్ కొట్టమని పక్కన నిలబడి వింటాడు. బరువుగా, ఆగి ఆగి తిరిగితే అది కార్బొరేటర్ జబ్బు కాదు. కొట్టగానే బ్యాటరీ కొసలనూ ఎర్త్ పట్టీనీ తాకి చూస్తాడు. ఏది వేడెక్కితే అక్కడే కరెంటు ఆగుతోంది. సముద్రపు గాలికి ఆ కొసలు పచ్చగా పూత పట్టడం ఈ ఊళ్లో మామూలే. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ మధ్యలో ఒక దెబ్బ లోపిస్తే ఒక సిలిండరులో కంప్రెషన్ పోయిందని అర్థం. దెబ్బలన్నీ సమంగా ఉంటేనే ప్లగ్గు విప్పుతాడు. పొడిగా వస్తే పెట్రోలు అందలేదు. తడిగా వస్తే పెట్రోలు వచ్చింది, నిప్పు రాలేదు, లేదా మరీ ఎక్కువై మునిగింది. తర్వాత అడుగులన్నీ ఈ ఒక్క తేడా మీదే ఉంటాయి.

నేను కళ్లారా చూసిన ఒక పని చెప్పాలి. యజమాని అప్పటికే కొత్త బ్యాటరీ, కొత్త కాయిల్ వేయించుకున్న పద్మిని అది. మేస్త్రి ఎయిర్ క్లీనర్ ఊడదీసి, కార్బొరేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. అరచెయ్యి తడిసింది, ఇంజను అందుకుంది. గాలి తగ్గిస్తే పలికిందంటే చోక్ పనిచేయడం లేదన్నమాట. చోక్ వైరు స్క్రూ దగ్గర జారి, డ్యాష్‌బోర్డులో పిడి బయటికి వస్తున్నా లోపల ఏదీ కదలడం లేదు. స్క్రూడ్రైవరుతో సరిచేసి, టీ డబ్బులు తీసుకుని పంపేశాడు. ఇంకొక మేస్త్రి వాన తెరిపి ఇచ్చిన రాత్రి షెడ్డులో దీపం ఆర్పి, చీకట్లో అంబాసిడర్ సెల్ఫ్ కొట్టించాడు. డిస్ట్రిబ్యూటర్ మూత మీద నీలం దారంలా నిప్పు పాకింది. తేమ పట్టిన గీత వెంబడి కరెంటు దొంగదారి పట్టిందని పగటి వెలుగులో ఎవరు చెప్పగలరు?

అంబాసిడర్లకు వాడిన ఎస్.యు. కార్బొరేటర్ ఇంగ్లండు స్కిన్నర్ సోదరుల సృష్టి. వాళ్లది చెప్పుల వ్యాపార కుటుంబం, తొలి నమూనాలో తోలు తిత్తి ఉండేది. ఎస్.యు.ను పరీక్షించే తీరు భలే ముచ్చటగా ఉంటుంది. పిస్టన్ను వేలితో ఎత్తి వదిలితే టక్కుమని పడాలి. పడలేదంటే లోపల పట్టుకుంటోంది. సోలెక్స్ కార్బొరేటర్ ఫ్రెంచి బిడ్డ. మెన్నెసాన్, గుడార్ అనే ఇద్దరు మొదలుపెట్టిన సంస్థ అది. ఈ ఊరికి ఫ్రెంచి బళ్లతో పాటే అదీ వచ్చిందంటారు. నేను సోలెక్స్ పక్షం, దాచుకోను. విడిగా స్టార్టర్ ఏర్పాటున్న పాత సోలెక్సుల్లో చల్లారిన ఇంజనును లేపేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కకూడదు. తొక్కితే స్టార్టర్ దారిలో పెట్రోలును లాగే వాక్యూమ్ పోతుంది. మారుతి 800కి చెన్నైలో యూకాల్ వారు చేసిన మికుని కార్బొరేటర్‌లో తీరు వేరు. చోక్ లాగి, ఒకసారి తొక్కి వదిలి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. బండి బండికీ ఉన్న ఈ మర్యాద తెలియని డ్రైవరు మంచి కార్బొరేటర్‌నే చెడిపోయిందంటాడు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు రగులుతుంది. పెట్రోలును కొలిచి పోసే సోలెక్స్ జెట్టు మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని లెక్క. ఆ ఇత్తడి రంధ్రంలో ఇనుప తీగ పెట్టి కెలికేవాణ్ణి మెకానిక్ అనవచ్చా? సీటు మీద సరిగ్గా కూర్చోని నీడిల్ వాల్వులతో, రెండు నెలలకే ఉబ్బిపోయే డయాఫ్రమ్ములతో డూప్లికేట్ కిట్లు అట్టపెట్టెల్లో వచ్చిపడుతున్నాయి. ఇంకొందరు సీసాతో పెట్రోలు నేరుగా కార్బొరేటర్ నోట్లో పోసి సెల్ఫ్ కొడతారు. ఇంజను వెనక్కి తన్నితే మంట మొహం మీదికే వస్తుంది. అది వైద్యం కాదు, హత్యాయత్నం.

దీని మీద ఇ20 పెట్రోలు. మామూలు పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. పాత జెట్టు మాత్రం పాత కొలతకే పోస్తుంది కనుక మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి వేడి కూడా ఎక్కువ కావాలి, అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును తింటుంది. నేటి పొద్దుటి మొరాయింపుల్లో దీని వాటా పెద్దదే. జెట్టును లెక్కప్రకారం ఒక మెట్టు పెంచి సర్దగలిగే మేస్త్రి అవసరం ఎన్నడూ లేనంతగా ఇప్పుడే ఉంది. అదే సమయంలో ఆ మేస్త్రులు ఒక్కొక్కరే షెడ్లు మూసేస్తున్నారు. మారుతి 2000 నాటికి కార్బొరేటర్ వదిలి ఇంజెక్షన్‌కు మళ్లింది, ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఆ తర్వాత ఈ పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడే లేడు.

తమిళనాట తెలుగింట పుట్టిన ఆవిష్కర్త జి.డి. నాయుడు (1893–1974) తొలి చదువు ఇలాంటిదే. ఒక మోటారు సైకిలును పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడని కోయంబత్తూరులో కథగా చెప్పుకుంటారు. 1920లో పొల్లాచి–పళని మధ్య బస్సు నడిపింది ఆ చెయ్యే. అలాంటి చేతుల వారసత్వం మన కళ్లముందే తెగిపోతుంటే ఊరుకోవడమేనా? ఫ్రెంచి ఇళ్ల ముఖద్వారాలను కాపాడటానికి ఇక్కడ వారసత్వ సంరక్షణ సంస్థ ఇన్‌టాక్ ఉంది, మంచిదే. ఆ ఇళ్ల ముందు నిలబడే బళ్లను బతికిస్తున్నవాళ్లను ఎవరు పట్టించుకుంటున్నారు? ఐటీఐలో మోటారు మెకానిక్ చదివే పిల్లలను వారానికి ఒక పూట ఈ షెడ్లకు పంపండి. మేస్త్రికి గౌరవ వేతనం ఇవ్వండి. పాత బండి ఉన్నవాళ్లకు నా విన్నపం ఒకటే. ఒరిజినల్ కార్బొరేటర్ పాడైందని పాత సామాన్లవాడికి అమ్మకండి. దాని జెట్లు, నీడిల్, ఫ్లోట్ డబ్బాలో భద్రంగా దాచి, కొత్త కిట్ కొనేముందు ఒక్కసారి ముత్యాలపేట వెళ్లి చూపించండి.