అడవి పైడికంటె - రెండు గ్రంథాలు

టేకులపల్లి అడవులలో టేకు, నల్లమద్ది, తునికి చెట్ల నడుమ తిరిగేవారికి ఈ చిన్న గూబ కంటికన్న ముందు చెవికి పరిచయమవుతుంది. దాని కూత ఆగి ఆగి మొదలై, వేగం పుంజుకొని, క్రమంగా సన్నగిల్లుతుంది. పిట్ట పొడవు 20 సెంటీమీటర్లు. గుండ్రని తలకు చెవులవంటి ఈకల కుచ్చులు లేవు. తలమీదను, వీపుమీదను సన్నని అడ్డచారలు దట్టంగా ఉంటాయి. టికెల్ దీనిని 1833లో వర్ణించాడు. శాస్త్రనామం గ్లాసిడియం రేడియేటం.

సాలిం అలీ, రిప్లేలు వ్రాసిన బృహద్గ్రంథంలో గూబలున్న మూడవ సంపుటం 1969లో వెలువడింది. పక్షి బ్రదుకును తెలుపుటలో దానికి సాటి లేదు. మునిమాపువేళ, మబ్బు పట్టిన పగళ్లలో వేట. మిడతలు, బల్లులు, చిట్టెలుకలు ఆహారం. వడ్రంగిపిట్ట విడిచిన తొర్రలో 3, 4 తెల్లని గుడ్లు. (తొర్ర చీకటిలో గుడ్డుకు రంగుతో పనేమి?) స్థానిక నామాలకు కూడ చోటిచ్చుట మెచ్చదగినది. కాని కూతను అక్షరాలలో వ్రాయబూనుట జల్లెడతో నీళ్లు తోడుటవంటిదే.

రాస్ముసెన్, ఆండర్టన్‌ల 2005 నాటి గ్రంథం ఈ లోటు తీర్చింది. అందులో కూతలకు ధ్వని రేఖాచిత్రాలున్నాయి. అయితే నడవడిని గురించి చెప్పినది బహు క్లుప్తం. దానినొక్కదానిని చదివి పిట్ట ఎట్లు బ్రదుకుతుందో ఊహించలేము.

ఆ గ్రంథపు అసలు బలం సాక్ష్యం విషయంలో పట్టుదల. హ్యూం 1873లో వర్ణించిన బ్లెవిట్ గూబ 1884 తరువాత ఎవరికీ దొరకలేదు. 1914లో గుజరాత్‌లోని మాండ్వి వద్ద సేకరించినట్లు మైనర్ట్జ్‌హాగెన్ చీటీ తగిలించిన చర్మం, నిజానికి 1884లో డేవిడ్సన్ సేకరించినదేనని రాస్ముసెన్, కాలర్‌లు 1999లో బయటపెట్టారు. అపహరించి, తిరిగి కుట్టి, చీటీ మార్చాడు! అబద్ధపు చీటీని నమ్మినవారు తప్పుచోట వెదకినట్లే. రాస్ముసెన్ బృందం దానిని పక్కనబెట్టి, నమ్మదగిన పాత నమూనాల చోట్లకు వెళ్లి, 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహదా సమీపాన సజీవంగా చూసింది.

అదికూడ టేకు అడవుల పక్షే. కనుక టేకులపల్లిలో పట్టపగలు గూబను చూసినవారు తొందరపడే ప్రమాదమున్నది. నెత్తిమీద చుక్కలుంటే ఊరి పైడికంటె. అడ్డచారలు నిండి ఉంటే అడవి పైడికంటె. నెత్తిమీద చుక్కలు దాదాపు లేక, తెల్లని ఈకలు కప్పిన బలమైన కాళ్లు కనిపించినప్పుడే బ్లెవిట్ గూబను తలచవచ్చు. అప్పుడైనను ఫోటో, కూత రికార్డు రెండూ కావాలి.