టవర్ కింద రెండు పంపకాలు

నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసినవాళ్ళకు పంపకం కష్టం ఎవరూ చెప్పనక్కర్లేదు. మంజీరపై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్ళను నమ్ముకునే బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కాలువ మొదట్లో ఉన్నవాడు తూము ఎక్కువ ఎత్తితే చివరి ఆయకట్టు ఎండుతుంది. ఈ శతాబ్దం మొదట్లో అవే ఊళ్ళ మీద, ఈసారి గాలిలో, మొబైల్ ఫోన్ల కోసం రెండు రకాల పంపకాలు పక్కపక్కన నిలిచాయి: జీఎస్‌ఎం, సీడీఎంఏ.

జీఎస్‌ఎంది వంతుల పద్ధతి. 200 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీని ఎనిమిది వంతులు చేస్తుంది. ఒక్కో వంతు 577 మైక్రోసెకన్లు. సెకనుకు దాదాపు 217 సార్లు మీ వంతు వస్తుంది కాబట్టి మాట తెగినట్టే ఉండదు. అయితే మీరు మౌనంగా వింటున్నా ఆ వంతు మీదే, పక్కవాడికి పోదు. అన్నీ నిండాక వచ్చినవాడికి 'నెట్‌వర్క్ బిజీ'.

సీడీఎంఏలో అందరూ 1.25 మెగాహెర్ట్జ్ పట్టీలో ఒకేసారి మాట్లాడతారు. ఒక్కో ఫోన్‌కు ఒక్కో సంకేతం. దాన్నిబట్టి టవర్ ఎవరి మాట వాళ్ళది విడదీస్తుంది. ఒకరు ఊరుకుంటే ఆ మేరకు మిగతావాళ్ళకు చోటు. తూము తగాదా ఇక్కడా ఉంది: టవర్ పక్కనున్న ఫోన్ గట్టిగా పలికితే దూరాన చెరకు తోటలో ఉన్నవాడి గొంతు మునిగిపోతుంది. అందుకే టవర్ ప్రతి ఫోన్‌కూ సెకనుకు 800 సార్లు 'పెంచు', 'తగ్గించు' అని చెబుతూనే ఉంటుంది. దగ్గరివాడు తగ్గితేనే దూరపువాడు వినపడతాడు. ఏ కాలువ మీదా ఏ లష్కరూ ఇంత కాపలా కాయలేడు. ఇంత న్యాయబుద్ధి ఉన్న ఇంజినీరింగ్ ఆలోచన అరుదని నా నమ్మకం.

అయినా చివరివాడి బాధ పూర్తిగా తీరలేదు. దసరా సాయంత్రం అందరూ ఒక్కసారి ఫోన్లు చేస్తే రొద పెరిగి టవర్ పరిధే కుంచించుకుపోతుంది. ఊరి నడుమ ఉన్నవాడికి ఆ సంగతే తెలియదు. లైను తెగేది అంచున ఉన్నవాడికి.

నిబంధనలూ సీడీఎంఏ కాళ్ళు కట్టేశాయి. 2001లో 'పరిమిత సంచారం' పేరుతో ఫోన్‌ను ఒక్క ఎస్‌టీడీ కోడ్ పరిధికే ఉంచారు. నిజామాబాద్‌ది 08462, బోధన్‌ది 08467. మధ్య దూరం పాతిక కిలోమీటర్లే! 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు వచ్చాకే ఆ కంచె పోయింది. అదే ఏడాది 501 రూపాయలు కడితే రిలయన్స్ సీడీఎంఏ ఫోన్ చేతికొచ్చింది.

గాలిని పంచడంలో సీడీఎంఏదే పైచేయి. కానీ ఆ ఫోన్లలో చాలావాటికి సిమ్ లేదు, నంబరు సెట్‌లోనే ఉండేది. కంపెనీ మారాలంటే సెట్టే మార్చాలి. జీఎస్‌ఎంలో సిమ్ తీసి ఏ పాత సెట్‌లో వేసినా మోగుతుంది. 2016లో రిలయన్స్ సీడీఎంఏ ఆపేశాక ఆ సెట్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. జీఎస్‌ఎం బటన్ ఫోన్లు మాత్రం ఇప్పటికీ 2జీ మీద పనిచేస్తున్నాయి. రెండిట్లో ఏది మేలని అడిగితే, ఆ కారణానికే నేను జీఎస్‌ఎం పేరు చెబుతాను.